వంగిన ఫిన్స్, మే నెల ఎండ: నేను పాడుచేసిన ఒక ఆయిల్ కూలర్ కథ

ముందు ఇది చూడండి.

[బల్ల మీదున్న అల్యూమినియం పెట్టెలాంటి వస్తువును కెమెరా దగ్గరికి తెచ్చి చూపించారు]

బైక్ రేడియేటర్‌లా ఉంది కదా? కాస్త పొట్టిగా, లావుగా ఉందంతే. ఇది విమానం ఆయిల్ కూలర్. సెస్నా 172 అని నాలుగు సీట్ల చిన్న విమానం ఉంటుంది. ఫ్లయింగ్ స్కూళ్లలో చాలామంది పిల్లలు నేర్చుకునేది దాని మీదే. ఇది అందులోంచి వచ్చింది. ఇప్పుడు పనికిరాదు. దీన్ని పాడుచేసింది నేనే. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు.

ఇవాళ మాట్లాడుకునేది కూలర్ ఫిన్స్ గురించి. అవి ఎందుకు వంగుతాయి, వంగితే ఏమవుతుంది, ఎలా లేపాలి, ఎక్కడ చెయ్యి ఆపాలి. మీలో విమానాల మీద పనిచేసేవాళ్లు తక్కువే ఉంటారు. కానీ బైకులున్నవాళ్లు, ఇంట్లో ఏసీ ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు కదా. ఇదే వస్తువు వేరే వేషంలో మీ దగ్గర కూడా ఉంది. దాని సంగతి కూడా మధ్యలో చెప్తాను.

ముందు ఈ పెట్టె ఏం చేస్తుందో చూద్దాం. చిన్న విమానాల పిస్టన్ ఇంజన్లలో చాలావాటికి నీళ్ల రేడియేటర్ ఉండదు. గాలితోనే చల్లబడతాయి. ప్రొపెల్లర్ వెనకాల, ముక్కు మీద అటొకటి ఇటొకటి రెండు పెద్ద రంధ్రాలు కనిపిస్తాయి, గమనించే ఉంటారు. గాలి అక్కణ్ణుంచి లోపలికొచ్చి, సిలిండర్ల మధ్యలోంచి కిందికి దిగి, అడుగు నుంచి బయటికి పోతుంది. మరి ఇంజన్ లోపల బేరింగులు, పిస్టన్ల అడుగు భాగం? అక్కడిదాకా ఈ గాలి వెళ్లలేదు. ఆ వేడిని మోసుకొచ్చేది ఆయిలే. ఆయిల్ అంటే జారుడు కోసమే అనుకుంటాం గానీ, వేడిని మోసే కూలీ కూడా అదే. మోసుకొచ్చిన మూట దించుకునే చోటు ఈ కూలర్ అన్నమాట.

[కూలర్‌ను పక్కకు తిప్పి వేలితో చూపించారు]

ఇవి చదునుగా ఉన్న గొట్టాలు. వేడి ఆయిల్ పోయేది వీటిలో. ఒక గొట్టానికీ ఇంకో గొట్టానికీ మధ్యలో జిగ్‌జాగ్‌గా మడతలు పెట్టిన పలచటి రేకు ఉంది చూశారా, అదే ఫిన్. గొట్టంలోని వేడి ఈ రేకులోకి పాకుతుంది. మడతల మధ్య నుంచి పోయే గాలి ఆ వేడిని పట్టుకుపోతుంది. రేకు మందం విజిటింగ్ కార్డు కంటే తక్కువ. పైగా మెత్తటి అల్యూమినియం. మొత్తాన్ని కొలిమిలో పెట్టి బ్రేజింగ్‌తో అతికిస్తారు, ఆ వేడికి ఇంకా మెత్తబడుతుంది. గోరుతో నొక్కినా పడుకుంటుంది.

ఇక్కడ ఒక తేడా పట్టుకోండి, తర్వాత కథంతా దీని మీదే నడుస్తుంది. ఫిన్‌లో ఆయిల్ ఉండదు. ఫిన్ చిరిగినా ఒక్క చుక్క కూడా కారదు. గొట్టంలో ఆయిల్ ఉంటుంది, అదీ ప్రెషర్ మీద. 172ఎస్ మోడల్‌లో ఆయిల్ ప్రెషర్ గేజ్ మీద ఆకుపచ్చ భాగం 50 నుంచి 90 పీఎస్ఐ దాకా ఉంటుంది. మీ బైక్ టైర్లో ఎంత కొట్టిస్తారో గుర్తు చేసుకుని పోల్చుకోండి. గొట్టానికి చిన్న చిల్లు పడితే ఆయిల్ కారడం కాదు, చిమ్ముతుంది. ఆయిల్ మొత్తం పోయిన ఇంజన్ ఎక్కువసేపు తిరగదు. గాల్లో ఉండగా పక్కన ఆపి మెకానిక్‌కి ఫోన్ చేయలేం కదా.

ఇప్పుడు చిన్న లెక్క. భయపడకండి, కూడికే. ఆ మోడల్‌లో ఆయిల్ టెంపరేచర్‌కి ఎర్ర గీత 245 డిగ్రీల ఫారెన్‌హీట్. సెల్సియస్‌లో సుమారు 118. అలాగని ఆయిల్ ఎంత చల్లగా ఉంటే అంత మంచిదా అంటే, అదీ కాదు. ఇంజన్ లోపల చేరే తేమ ఆవిరై పోవాలంటే ఆయిల్ బాగా వేడెక్కాలి, లేకపోతే లోపల తుప్పు మొదలవుతుంది. అందుకని ఒక థర్మోస్టాట్ వాల్వ్ పెడతారు. హ్యాంగర్ భాషలో వెర్నాథెర్మ్. ఆయిల్ చల్లగా ఉన్నంతసేపూ దాన్ని కూలర్‌లోకి పంపకుండా అడ్డదారిలో వదిలేస్తుంది. సుమారు 85 సెల్సియస్ దగ్గరికి వచ్చాక ఆ అడ్డదారి మూసేసి ఆయిల్‌ని కూలర్‌లోకి తోస్తుంది. అక్కణ్ణుంచి భారమంతా ఈ రేకులదే.

కూలర్ ఎంత వేడిని వదిలించుకోగలదు అన్నది, ఆయిల్ వేడికీ బయటి గాలి వేడికీ మధ్య ఉన్న తేడా మీద ఆధారపడి ఉంటుంది. జనవరి పొద్దున్న గాలి 15 డిగ్రీలు ఉంది, ఆయిల్ 90 దగ్గర నిలబడింది అనుకోండి. తేడా 75. అదే విమానం, అదే కూలర్, మే నెల మధ్యాహ్నం. గాలి 43. అంతే వేడి బయటికి పోవాలంటే అదే 75 తేడా కావాలి. 43కి 75 కలపండి. 118. సరిగ్గా ఎర్ర గీత. ఇది ముతక లెక్క, అసలు ఇంజన్‌లో ఇంకా చాలా సంగతులు కలుస్తాయి. అయినా విషయం అర్థమైంది కదా. చలికాలంలో కూలర్‌లో కొంత భాగం మూసుకుపోయినా ఎవరూ కనిపెట్టలేరు. ఎండాకాలం వచ్చాకే బయటపడుతుంది.

ఇక కథలోకి వస్తాను.

కోర్సు అయిపోయింది, లైసెన్స్ ఇంకా రాలేదు, ఒక ఫ్లయింగ్ స్కూల్ హ్యాంగర్‌లో ట్రైనీగా చేరాను. స్కూల్ పేరు వద్దులెండి. నా పనేంటంటే పానలు అందించడం, కౌలింగ్ విప్పడం, బిగించడం, తుడవడం, కడగడం. కౌలింగ్ అంటే ఇంజన్ మీద ఉండే మూత. పెద్ద ఇన్‌స్పెక్షన్‌కి ముందు ఇంజన్ కడగాలి. దానికో పద్ధతి ఉంది. మాగ్నెటోలు, ఆల్టర్నేటర్ లాంటివి ముందు కప్పెయ్యాలి. సాల్వెంట్ స్ప్రే చేసి నాననివ్వాలి. మెత్తటి బ్రష్‌తో రుద్ది, తక్కువ ప్రెషర్‌తోనే కడగాలి. ఇవన్నీ నాకు నేర్పించారు, నేను రాసుకున్నాను కూడా.

ఆ రోజు కూలర్ ముఖం నిండా చచ్చిన పురుగులు, గడ్డి నూగు, ఆయిల్ తడికి అంటుకుని గట్టిపడిన దుమ్ము. బ్రష్‌కి లొంగట్లేదు. భోజనం టైము దాటిపోతోంది. హ్యాంగర్ బయట నేల కడగడానికి ఒక ప్రెషర్ వాషర్ పెట్టి ఉంది.

అర్థమైపోయి ఉంటుంది మీకు.

రెండు నిమిషాలు పట్టింది. మురికి మొత్తం పోయింది, కూలర్ తళతళలాడిపోయింది. దగ్గరికెళ్లి చూస్తే, కింద ఒక మూల నా అరచేయంత మేర ఫిన్స్ అన్నీ ఒకే వైపు వాలిపోయి ఉన్నాయి. గాలివానకి పడిపోయిన వరి చేను ఎలా ఉంటుందో అలా. గోరుతో ఒకట్రెండు లేపబోయాను, రాలేదు. 'రేకే కదా, ఆయిలేం కారట్లేదు కదా' అనుకున్నాను. చూశారా, ఇందాక మీకు చెప్పిన తేడా నాకప్పుడే తెలుసు. తెలిసిన ముక్కనే నాకు నేను చెప్పుకునే అబద్ధానికి వాడుకున్నాను. ఆ మూల పై నుంచి చూస్తే హోస్‌ల వెనక దాగిపోయి ఉంటుంది. ఇన్‌స్పెక్షన్ చేసిన ఇంజనీర్ కంట పడలేదు. నేను నోరెత్తలేదు.

అది మార్చి. అప్పటికి ఏం కాలేదు. ఫ్లైట్లు ఎక్కువగా పొద్దున్నే ఉండేవి. మే మొదట్లో ఒక ఇన్‌స్ట్రక్టర్ దిగి వచ్చి స్నాగ్ రాశారు. విమానంలో కనిపించిన లోపాన్ని పైలట్ పుస్తకంలో రాయడాన్ని స్నాగ్ అంటాం. సర్క్యూట్లు చేస్తుంటే ఆయిల్ టెంపరేచర్ ఎర్ర గీతని తాకబోతోంది అని రాశారు. సర్క్యూట్ అంటే రన్‌వే మీద నుంచి లేవడం, ఒక చుట్టు తిరగడం, దిగడం, వెంటనే మళ్లీ లేవడం. పైకి ఎక్కేటప్పుడు ఇంజన్ ఫుల్ పవర్ మీద ఉంటుంది, స్పీడేమో 74 నాట్ల చుట్టుపక్కల, అంటే గంటకు 137 కిలోమీటర్లు. విమానానికి అది తక్కువ స్పీడే. వేడి ఎక్కువ పుడుతోంది, లోపలికొచ్చే గాలి తక్కువ. కూలర్‌కి ఇంతకంటే కష్టమైన పరీక్ష ఉండదు.

విమానాన్ని ఆపేశారు. వెతకడం మొదలైంది. ఆయిల్ లెవెల్ చూశారు, సరిగ్గానే ఉంది. గేజ్ అబద్ధం చెబుతోందేమోనని టెంపరేచర్ ప్రోబ్ విప్పి, వేడి నీళ్లలో థర్మామీటర్ పక్కన పెట్టి చూశారు. బాగానే ఉంది. వెర్నాథెర్మ్ విప్పి వేడి చేశారు. వేడికి అది పొడవు సాగాలి, సాగింది. ఇంజన్ చుట్టూ గాలి పక్కదారి పట్టకుండా రబ్బరులాంటి సీల్స్ ఉంటాయి, వాటిని బ్యాఫిల్ సీల్స్ అంటాం. అవి చిరిగినా ఇదే గొడవ వస్తుంది. ఒకచోట కొంచెం వాలి ఉంటే మార్చారు. ఇన్నిటికీ రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ పానలు అందించింది నేనే. ఒక్కో పార్టు విప్పి చూసి 'ఇది కాదు' అన్నప్పుడల్లా కడుపులో ఏదో తిప్పినట్టుండేది. ఆ విమానం మీద సోలో క్రాస్ కంట్రీకి వెళ్లాల్సిన స్టూడెంట్ ఒకమ్మాయి రోజూ హ్యాంగర్ గుమ్మం దగ్గరికొచ్చి, 'అన్నా, అయిందా?' అని అడిగి వెళ్లేది. అది ఒక్కదాన్నే వేరే ఊరి ఎయిర్‌ఫీల్డ్‌కి వెళ్లిరావాల్సిన ఫ్లైట్.

మూడో రోజు మా ఇంజనీర్ సార్ నన్ను పిలిచి, 'టార్చ్ తీసుకుని కూలర్ వెనక్కి వెళ్లి వెయ్యి' అన్నారు. ఆయన ముందు నుంచి చూస్తున్నారు. ఈ టెస్ట్ గుర్తు పెట్టుకోండి. పైసా ఖర్చు లేదు, మీ బైక్‌కి కూడా పనికొస్తుంది. ఫిన్స్ బాగుంటే వెనకాల వేసిన వెలుగు జల్లెడలోంచి వచ్చినట్టు ముందుకి వస్తుంది. మూసుకుపోయిన చోట చీకటిగా ఉంటుంది. కూలర్‌లో దాదాపు మూడో వంతు చీకటి.

'దీన్ని ఎవరు కడిగారు?' అన్నారు. నన్ను చూసి కాదు, ఊరికే గాల్లోకి. హ్యాంగర్‌లో ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న పెద్దాయన ఒకాయన ఉండేవారు, మేమంతా ఆయన్ని బాబాయ్ అనేవాళ్లం. ఆ రోజు ప్రెషర్ వాషర్ చప్పుడు ఆయన విన్నారని నాకు తెలుసు. ఆయన తల కూడా ఎత్తలేదు.

'నేనే సార్. ప్రెషర్ వాషర్ పెట్టాను' అన్నాను.

'ఎప్పుడు?'

'మార్చిలో.'

సార్ తిట్టలేదు. తిడితే బాగుండేది. 'రెండు నెలలు' అన్నారు. కాసేపాగి, 'విప్పు' అన్నారు.

ఇక్కణ్ణుంచి పని. విప్పేటప్పుడు మొదటి జాగ్రత్త, హోస్ నట్‌ని ఒక పానతో తిప్పుతుంటే కూలర్ మీద ఉన్న ఫిట్టింగ్‌ని ఇంకో పానతో కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే ఆ మెలి మొత్తం అల్యూమినియం మెడ మీద పడి అది పగులుతుంది. విప్పగానే రంధ్రాలకి మూతలు. దుమ్ము ఒక్క రవ్వ కూడా లోపలికి పోకూడదు.

తర్వాత నానబెట్టడం. ఫిన్స్ మధ్య మురికి ఉండగా లేపబోతే రేకు చిరిగిపోతుంది, అందుకని ముందు మురికి మొత్తం వదలాలి. సాల్వెంట్ మాత్రమే. ఇంట్లో వాడే కాస్టిక్ సోడా లాంటివి అల్యూమినియాన్ని తినేస్తాయి, దగ్గరికి కూడా రానివ్వకూడదు.

ఇప్పుడు పనిముట్టు. నేను తెలివిగా ఏసీ మెకానిక్‌లు వాడే ఫిన్ దువ్వెన ఒకటి కొనుక్కొచ్చాను. ప్లాస్టిక్‌ది, దువ్వెనలాగే పళ్లుంటాయి. సార్ దాన్ని చూసి నవ్వి పక్కన పెట్టేశారు. ఎందుకంటే ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌లో ఫిన్స్ నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి, పుస్తకంలో పేజీల్లా ఉంటాయి. అంగుళానికి ఎన్ని ఫిన్సో చూసి దానికి సరిపోయే దువ్వెన పెట్టి లాగితే లేస్తాయి. ఈ కూలర్‌లో మడతలు పెట్టిన రేకు. దువ్వెన పళ్లు పోవడానికి తిన్నటి దారే లేదు. బలవంతంగా లాగితే చక్కగా ఉన్న మడతలు కూడా నలిగిపోతాయి. అంటే ఒక్కో మడతా విడివిడిగా చేత్తో లేపుకోవాలి.

బాబాయ్ వచ్చి నా ముందు నాలుగు వెదురు పుల్లలు పెట్టారు. చివర చెక్కి, సన్నగా, చదునుగా చేసినవి. 'ఇనుము మాట వినదురా, వెదురు వింటుంది' అన్నారు. ఒక పాత ఏటీఎం కార్డుని సన్నటి పట్టీలుగా కత్తిరించి ఇచ్చారు. పద్ధతి ఇదీ. కార్డు పట్టీని గొట్టాన్ని ఆనించి పెట్టాలి, అది గొట్టానికి కవచం. బాగున్న ఫిన్ దగ్గర మొదలుపెట్టి, పాడైన వైపుకి ఒక్కొక్కటే వెళ్లాలి. పుల్లని మడతలోకి దూర్చి, వంగిన వైపుకి ఎదురుగా మెల్లిగా, ఒకే ఒక్కసారి లేపాలి. అటూ ఇటూ ఊపకూడదు. గట్టి తీగని అటూ ఇటూ వంచితే ఎలా తెగుతుందో, అలాగే ఇదీ తెగుతుంది. పూర్తిగా నిటారుగా రాకపోయినా వదిలేయాలి. గాలికి దారి దొరికితే చాలు, అందం మనకక్కర్లేదు. చిరిగిన ముక్క ఉంటే పీకకూడదు, దాంతోపాటు పక్కది కూడా వచ్చేస్తుంది.

గంట కూర్చుంటే అగ్గిపెట్టె అంత మేర అయ్యింది. కళ్లు లాగుతున్నాయి, మెడ పట్టేసింది. పెద్ద విమానాల మీద పనిచేయాలని కలలుగని వచ్చినవాణ్ణి, వెదురు పుల్లతో రేకులు లేపుకుంటూ కూర్చున్నాను. అయినా ఒప్పుకోవాలి, కాసేపటికి అందులో పడిపోయాను. ఒక్కో మడత లేచి వెనక నుంచి వెలుగు చుక్క కనపడుతుంటే భలే ఉంటుంది.

మీ బండి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. లిక్విడ్ కూల్డ్ బైకుకి ముందు టైరు వెనకాల రేడియేటర్ ఉంటుంది. కొన్ని ఆయిల్ కూల్డ్ బైకులకి అక్కడే చిన్న ఆయిల్ కూలర్ ఉంటుంది. వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు అక్కడి కుర్రాడు గన్ పట్టుకుని బురద పోవాలని దగ్గరగా, ఏటవాలుగా కొడతాడు. అతని తప్పు కాదు, మనమే 'తమ్ముడూ, అక్కడ ఇంకా మట్టి ఉంది' అంటాం. ముందే చెప్పండి, రేడియేటర్ మీద గన్ వద్దు, మామూలు పైపు నీళ్లు చాలు అని. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఫ్యాన్ అదే పనిగా తిరుగుతోంది, టెంపరేచర్ లైటు వెలుగుతోంది అంటే, కూలెంట్ చూసుకున్నాక ఇంజన్ పూర్తిగా చల్లారనిచ్చి టార్చ్ వేసి చూడండి. పది ఇరవై ఫిన్స్ వంగి ఉంటే కంగారు పడకండి, ప్రతి బండికీ ఉంటాయి. పెద్ద మేర పడుకుని ఉంటే వెదురు పుల్లతో మీరే లేపుకోవచ్చు. స్క్రూడ్రైవర్ మాత్రం వద్దు. ఎందుకు వద్దో ఇప్పుడు చెప్తాను.

రెండో రోజు సాయంత్రం. చివరి వరస మిగిలింది. వెదురు పుల్లలు అరిగిపోయాయి, మొనలు విరిగిపోతున్నాయి. కొత్తవి చెక్కుకోవాలంటే పావుగంట. బల్ల మీద పళ్ల డాక్టర్లు వాడే స్టీల్ పిక్ ఒకటి ఉంది. మొన అరగదీసి గుండ్రంగా చేసినదే, ఎవరో దేనికో వాడేవాళ్లు. రెండు రోజుల్లో చెయ్యి తిరిగిందని నమ్మకం వచ్చేసింది. చివరి వరసలో కార్డు పట్టీ కూడా దూరట్లేదు, ఇరుకు. పట్టీ తీసేశాను. పిక్‌తో నాలుగు ఫిన్స్ లేపాను, చక్కగా లేచాయి. అయిదోది బిగుసుకుని ఉంది. కొంచెం గట్టిగా నొక్కాను.

జారింది.

చప్పుడు కూడా రాలేదు. గొట్టం అంచు మీద ఒక చిన్న గీత. బియ్యపు గింజలో సగం ఉంటుంది పొడవు. గోరు పెట్టి రాస్తే తగులుతోంది.

హ్యాంగర్‌లో నేనొక్కణ్ణే ఉన్నాను. ఆ గీత పక్కనే ఉన్న ఫిన్‌ని కొంచెం ఇటు వంచితే గీత కనపడదు. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని చెప్పను. వేలు కూడా అక్కడిదాకా వెళ్లింది. పొద్దున్న కూలర్ బిగిస్తారు, ఇంజన్ నడిపి ఎక్కడైనా కారుతోందా అని చూస్తారు, గీతే కదా, ఏం కారదు, టెంపరేచర్ దిగుతుంది, అందరూ సంతోషం. మార్చిలో అనుకున్న మాటే మళ్లీ మనసులో తయారవుతోంది. 'గీతే కదా.'

ఆ అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి 'అయిందా?' అనడం గుర్తొచ్చింది. పెద్ద ధైర్యం చేశానని కాదు. ఆ రాత్రి ఇంటికెళ్లి పడుకోగలనా అని ఆలోచించానంతే. ఒక ట్యాగ్ తీసి, ఏ వరస, ఎన్నో గొట్టం, గీత ఎంత పొడవు, దేనివల్ల అయిందో రాసి కూలర్‌కి కట్టేసి, సార్‌కి ఫోన్ చేశాను.

పొద్దున్న సార్ వచ్చి గోరుతో తడిమి చూశారు. ఫిన్స్ లేపినందుకే అయితే బిగించి, గ్రౌండ్ రన్ చేసి, లీక్ చూసి వదిలేసేవారు. గీత ఉంది కాబట్టి ప్రెషర్ టెస్టుకి పంపాలన్నారు. నన్నే తీసుకెళ్లమన్నారు. ఒక రంధ్రానికి బిరడా బిగిస్తారు, ఇంకోదాన్నుంచి మాన్యువల్లో చెప్పినంత గాలి ఎక్కిస్తారు, మొత్తాన్ని నీళ్ల తొట్టెలో ముంచుతారు. సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టే.

ముంచారు. ఏం లేదు. ఫిన్స్‌లో ఇరుక్కున్న గాలి బుడగలు కొన్ని పైకొచ్చి ఆగిపోయాయి. నీళ్లు తేటపడ్డాయి. ఒక నిమిషం గడిచింది. నేను ఊపిరి వదిలేలోపు, ఆ గీత దగ్గర ఆవగింజంత బుడగ ఒకటి పుట్టింది. అక్కడే అంటుకుని మెల్లిగా పెరిగింది. పైకి పోయింది. కాసేపటికి ఇంకోటి.

టెస్ట్ చేసే ఆయన, 'ఇది చల్లటి నీళ్లలో, బల్ల మీద కదలకుండా ఉన్నప్పుడు. వేడెక్కి, ఇంజన్‌తో పాటు వణుకుతూ ఉంటే ఇంతే ఉంటుందా?' అన్నారు. గ్రౌండ్ రన్‌లో అది బయటపడేదా? పడకపోయే అవకాశమే ఎక్కువని సార్ అన్నారు.

గొట్టానికి వెల్డింగ్ పెట్టించొచ్చు కదా అని మీరు అడగొచ్చు, నేనూ అడిగాను. ఫిన్ వేరు, గొట్టం వేరు. ఫిన్స్ లేపడం చిన్నపని, మాన్యువల్ ఒప్పుకున్నంతవరకు హ్యాంగర్‌లో చేసుకోవచ్చు. గొట్టాన్ని ముట్టుకోవాలంటే ఆ పనికి అప్రూవల్ ఉన్న వర్క్‌షాప్ కావాలి. ఇంత పాత, ఇంత పలచటి గొట్టానికి అది గిట్టుబాటు కాదు. ఎర్ర ట్యాగ్ పడింది. రెండు రోజులు కూర్చుని లేపిన ఫిన్స్ అన్నీ చక్కగా నిలబడే ఉన్నాయి, ఇప్పటికీ. ఇదిగో.

[కూలర్ వెనక టార్చ్ వేసి చూపించారు]

వెలుగు ఎలా వస్తోందో చూడండి. పని బాగానే చేశాను. ఆ ఒక్క అయిదో ఫిన్ తప్ప.

కొత్త కూలర్ విదేశం నుంచి రావాల్సి వచ్చింది. పార్టుతో పాటు ఎఫ్ఏఏ 8130-3 అనే కాగితం వస్తుంది. ఆ పార్టు ఎక్కడిది, ఏ స్థితిలో ఉంది అని దాని మీద సంతకం పెట్టి ఇస్తారు. అది లేని పార్టు ఎంత కొత్తగా మెరిసినా బిగించం. అప్పటిదాకా విమానం నేల మీదే. స్కూల్‌కి ఎంత నష్టమో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ నెల జీతం మాత్రం ఇచ్చారు. ఉద్యోగం కూడా ఉంచారు. ప్రెషర్ వాషర్‌కి మాత్రం ఒక గొలుసు, తాళం వచ్చాయి. ఆ తాళంచెవి చాలాకాలం నా దగ్గరే ఉంచారు, కావాలనే అనుకుంటాను.

కొత్తది బిగించాక మిట్టమధ్యాహ్నం, కావాలని అదే టైముకి, ఇన్‌స్ట్రక్టర్ సర్క్యూట్లు చేసి వచ్చారు. ముల్లు ఎర్ర గీతకి బాగా దిగువన, ఆకుపచ్చలో నిలబడింది. తర్వాతి వారం ఆ అమ్మాయి సోలోకి వెళ్లింది. పొద్దున్న వెళ్లి, మధ్యలో ఒక చోట దిగి, సాయంత్రానికి తిరిగొచ్చింది. దిగగానే రివాజు ప్రకారం తోటి పిల్లలు బకెట్లతో నీళ్లు కుమ్మరించారు. తడిసిపోయి నవ్వుకుంటూ హ్యాంగర్‌కి వచ్చి అందరికీ లడ్డూలు పంచింది. నాకు రెండు ఇచ్చింది. కూలర్ మారిందని ఆమెకి తెలుసు. ఎందుకు మారిందో తెలియదు.

ఈ పాతదాన్ని సార్ పారేయనివ్వలేదు. ఎవరూ పొరపాటున మళ్లీ విమానానికి బిగించకుండా ఫిట్టింగులు కోసేసి, 'నీ దగ్గర పెట్టుకో' అని ఇచ్చారు. అప్పటి నుంచి ఎక్కడ పనిచేసినా నాతోనే ఉంది. కొత్తగా ట్రైనీలు వస్తే వాళ్ల చేతికి ఇచ్చి, గీత ఎక్కడుందో వెతకమంటాను. కళ్లతో వెతికితే ఎవరికీ దొరకదు. గోరుతోనే దొరుకుతుంది.

[కెమెరా బాగా దగ్గరికి వెళ్లింది]

కనిపిస్తోందా? ఇక్కడ, నా గోరు పక్కన. ఫోన్ స్క్రీన్ మీద కనపడకపోవచ్చు.

సరే, వచ్చే ఎపిసోడ్‌లో బ్యాఫిల్ సీల్స్ గురించి మాట్లాడుకుందాం. ఇవాళ వాటి పేరు చెప్పి వదిలేశాను గానీ, వాటి కథ వేరే ఉంది. ఉంటాను మరి.